చిన్న ట్రైలరుకు దోమతెర పందిరి – ఎంపిక ఎలా?

వార్షిక సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం మిత్రులు ఉత్తరం రాశారు. "అమెరికాలో ఉన్న పాత విద్యార్థి కనుక అక్కడి విశేషాలు రాస్తే ఇక్కడివాళ్ళకు ఉపయోగంగా ఉంటుంది" అన్నారు. మేడల గురించీ, కంప్యూటర్ల గురించీ రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నాకు అనుభవంలో బాగా తెలిసిన అమెరికా విశేషం ఒకటే – దోమలు. నవ్వకండి. నేనుండే మిన్నెసోటాకు పదివేల సరస్సుల రాష్ట్రమని పేరు. సరస్సులు ఎన్ని ఉంటే దోమలు అన్ని. దోమే మా రాష్ట్ర పక్షి అని ఇక్కడివాళ్ళు హాస్యమాడుతుంటారు.

దోమల గురించి చెప్పే హక్కు మనకు ఒక విధంగా ఎక్కువే ఉంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో. ఆ పనికే ఆయనకు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. హాస్టల్లో ఉన్న రోజుల్లో బేగంపేట మీదుగా బస్సులో పోతూ ఆ భవనాన్ని ఎన్నిసార్లు చూశానో! చూసి, రూముకొచ్చి, చిరుగుల దోమతెరలో పడుకునేవాణ్ణి. చదివింది వేరు, ఆచరణ వేరు అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక విషయానికి వస్తాను. ఈ వ్యాసం చిన్న ప్రయాణపు ట్రైలరు పక్కన వేసుకునే దోమతెర పందిరి గురించి. దాన్ని ఎంచుకోవడంలో నేను చేసిన తప్పులు, వాటివల్ల మా అమ్మ పడ్డ బాధ, ఆ తర్వాత నేర్చుకున్న నాలుగు సంగతులు – ఇదే సారాంశం.

ట్రైలరు అంటే ఏమిటి?

కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోయే చక్రాల గది. మాది 13 అడుగులది. పేరుకే 13 అడుగులు. ముందున్న ఇనుప కాడ పోగా గది పొడవు 10 అడుగులు, వెడల్పు ఏడడుగులకు తక్కువ. అందులోనే పడక, చిన్న పొయ్యి, చిన్న బల్ల. ఇక్కడివాళ్ళు ఎండాకాలంలో ఇలాంటివి లాక్కుని అడవుల్లో, సరస్సుల ఒడ్డున ప్రభుత్వ పార్కులకు పోతారు. అక్కడ ఒక్కొక్క బండికి ఒక్కొక్క స్థలం కేటాయిస్తారు. స్థలంలో కంకర పరిచిన చోటు, ఒక బరువైన భోజనాల బల్ల, చలిమంటకు ఇనుప వలయం ఉంటాయి. మనం ఇల్లందు దగ్గర ఫీల్డు క్యాంపుకు పోయినప్పుడు గుడారాలు వేసుకోలేదూ, దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ ప్రొఫెసరుగారు ఉండరు.

చిన్న ట్రైలరుతో వచ్చే చిక్కు ఏమిటంటే, అందులో పడుకోవచ్చు గాని కూర్చోలేం. ఇద్దరు లేచి నిలబడితే మూడోవాళ్ళు మంచమెక్కాలి. వండుకోవడం, తినడం, కబుర్లు అన్నీ బయటే. బయట దోమలు. కాబట్టి పందిరి అనేది చిన్న ట్రైలరుకు అలంకారం కాదు. ఇంటికి అరుగు ఎలాంటిదో అలాంటిది. అరుగు లేని ఇల్లు మన ఊళ్ళో ఎవరైనా కట్టుకుంటారా?

అమ్మ వచ్చిన ఏడాది

2016లో ట్రైలరు కొన్నాం. 2017 మే నెలలో అమ్మ వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే నాన్న పోయాడు. అప్పటికి ఆమెకు 76 ఏళ్ళు. జీవితమంతా వాకిట్లో కూచుని వచ్చేపోయేవాళ్ళను పలకరించిన మనిషి. ఇక్కడ తలుపులు మూసిన ఇల్లు, పలకరించని వీధి. పదిహేను రోజులకే "కొడుకా, నన్ను ఇంటికి తోలియ్యి, ఈడ నాకు ఊపిరాడ్తలేదు" అంది. ఏం చెయ్యాలో తోచక, అడవికి తీసుకుపోతే మనసు తేటపడుతుందేమోనని జూన్ నెలలో ఇటాస్కా పార్కుకు బయలుదేరాం. 1891లో ఏర్పడిన పార్కు అది. మిసిసిపీ నది అక్కడి సరస్సులోంచే పుడుతుంది. పుట్టిన చోట మోకాలి లోతు కూడా ఉండదు, రాళ్ళ మీద అడుగులేస్తూ దాటొచ్చు. "గోదారమ్మ గూడా పుట్టిన కాడ గింతే ఉంటదట" అని అమ్మ ఆ నీళ్ళు తల మీద చల్లుకుంది.

ఆ ప్రయాణానికి ముందే నేను ఒక పెద్ద పందిరి కొన్నాను. 13 అడుగులు, 15 అడుగులు. దుకాణంలో వేసి చూపించినప్పుడు కల్యాణ మంటపంలా కనిపించింది. మా ట్రైలరు లోపలి వైశాల్యం 67 చదరపు అడుగులైతే పందిరిది 195. ఇంటికి మూడింతలు అరుగు! ధర కూడా తక్కువే. ఎగిరి గంతేసి కొన్నాను.

పార్కుకు చేరేసరికి సాయంత్రమైంది. ఆ అక్షాంశంలో జూన్ మాసంలో సూర్యుడు రాత్రి 9 దాటాక అస్తమిస్తాడు. ఎనిమిదిన్నరకు సంచీ విప్పితే రకరకాల పొడవుల్లో గొట్టాలు, మీద అంకెలు. ఏ అంకెకు ఏ అంకె కలపాలో కాగితం చూస్తూ నేనూ మా ఆవిడా గంటసేపు కుస్తీ పట్టాం. చెట్టుకూ మంట వలయానికీ మధ్య అంత పెద్ద పందిరి పట్టలేదు. ఒక పక్క పల్లంలోకి దిగింది. కింద జానెడు సందు మిగిలింది. ఈ లోపల దోమలు తమ పని కానిచ్చాయి. అమ్మ కుర్చీలో కూచుని చీర చెంగుతో విసురుకుంటూనే ఉంది. తెల్లారేసరికి ఆమె కాళ్ళు, చేతులు దద్దుర్లతో వాచిపోయాయి. చిన్నగా జ్వరం కూడా తగిలింది.

జ్వరమంటే నాకు గుండె ఆగినంత పనైంది. 1999లో న్యూయార్క్‌లో బయటపడిన వెస్ట్ నైల్ అనే జ్వరం దోమల వల్లే వస్తుంది. చాలామందికి ఏమీ కాదు గాని, అరవై దాటినవాళ్ళకు మెదడు దాకా పోయే ప్రమాదం ఎక్కువ. అదృష్టవశాత్తు అది కాదని డాక్టరు చెప్పాడు. కాని అమ్మ మాత్రం "ఇగ నేను బయటికి రాను, పోదాం పా" అని ముఖం తిప్పుకుంది. నా అజాగ్రత్త వల్ల ఆమెకున్న ఒక్క ఆశా పోయింది కదా అనిపించింది. అప్పుడు కూచుని, మన ల్యాబులో చేసినట్టు, పందిరి సంగతి మొదటినుంచీ ఆలోచించాను.

పందిళ్ళలో రకాలు

స్థూలంగా వీటిని నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది గొట్టాల పందిరి. నేను మొదట కొన్నది ఇదే. చవక, తేలిక, చిన్న సంచీలో పడుతుంది. కాని వెయ్యడానికి ఇద్దరు మనుషులు, ఓపిక కావాలి. ఒకే చోట వారం రోజులు ఉండేవాళ్ళకు పనికొస్తుంది.

రెండవది గొడుగు పద్ధతిది. ప్రతి గోడ మధ్యలో ఒక బొడిపె ఉంటుంది. దాన్నుంచి గొడుగు ఊచల్లా వంగే కడ్డీలు మూలలకు పోతాయి. బొడిపెకున్న పట్టీ పట్టుకుని బయటికి గుంజితే గోడ టప్పుమని బిగుసుకుంటుంది. ఆరు గోడలు గుంజి, కప్పును లోపలినుంచి పైకి నెడితే పందిరి తయారు. మిన్నెసోటాలో చలికాలం గడ్డకట్టిన సరస్సుల మీద చేపలు పట్టేవాళ్ళు వాడే గుడారాల్లోనూ ఇదే పద్ధతి ఉంది. అలవాటైతే ఐదు నిమిషాల పని. లోపమేమిటంటే, మడిచినా సుమారు 6 అడుగుల పొడవుంటుంది. బరువు 15 కిలోల పైచిలుకు.

మూడవది కత్తెర చట్రం. మన సంతల్లో, ఎగ్జిబిషన్లలో దుకాణాలకు వేస్తారే, అలా సాగదీసే ఇనుప చట్రం. దానికి చుట్టూ జాలీ గోడలు జిప్పుతో తగిలిస్తారు. గోడలు నిటారుగా ఉంటాయి కనుక లోపల చోటు ఎక్కువ. బరువూ ఎక్కువే.

నాలుగవది ట్రైలరుకే తగిలించేది. ట్రైలరు పక్కనుండే గుడ్డచూరుకు జాలీ గోడలు వేలాడదీస్తారు. తలుపు తెరిస్తే నేరుగా పందిట్లోకే దిగొచ్చు. ముసలివాళ్ళకు చాలా సుఖం. కాని ఏ పాల కోసమో కారు తగిలించి బండి కదపాలంటే పందిరి మొత్తం విప్పాలి. పైగా భోజనాల బల్ల ఎక్కడో దూరంగా ఉంటే అది పందిట్లోకి రాదు. పార్కుల్లో బల్లలు కదిలించలేనంత బరువు, కొన్ని చోట్ల గొలుసుతో కట్టి ఉంటాయి కూడా.

ఎంచుకోవలసిన వరుస

నేను చేసిన తప్పు ఏమిటంటే ముందు సైజు, ధర చూశాను. అవి చివర చూడవలసినవి. ముందు చూడవలసింది నేల. స్థలంలో చెట్లు, మంట వలయం, ట్రైలరు పోగా ఖాళీ ఎంత? భోజనాల బల్ల మీదుగా పందిరి దించగలమా? బల్ల సాధారణంగా 6 అడుగుల పొడవు, ఇరుపక్కల బెంచీలతో కలిపి 5 అడుగుల వెడల్పు ఉంటుంది. దాని చుట్టూ మనిషి తిరగాలంటే 11, 12 అడుగుల అడ్డకొలత చాలు. అంతకు మించితే చాలా స్థలాల్లో పట్టదు. నేల గుడ్డ లేని పందిరే మేలు. నేల గుడ్డ ఉంటే బల్ల మీదుగా దించలేం కదా.

నేల గుడ్డ లేనప్పుడు కింది అంచు మీద దృష్టి పెట్టాలి. గోడ కింద జానెడు, మూరెడు వెడల్పు గుడ్డ అంచు నేల మీద పరుచుకునేట్టు ఉండాలి. దాని మీద రాళ్ళో కట్టెలో పెడితే సందులు మూసుకుపోతాయి. అయితే గడ్డిలో ఉండే పిడుదులను ఇది ఆపదు. లైమ్ అనే జబ్బును ఇక్కడ ఆ పిడుదులే అంటిస్తాయి. కనుక పడుకునే ముందు కాళ్ళు, మడమలు చూసుకోవలసిందే.

రెండవది కాలం. పందిరి వేసే సమయమూ దోమలు కుట్టే సమయమూ ఒకటే – మునిమాపు. కాబట్టి వెయ్యడానికి పట్టే ప్రతి నిమిషమూ రక్తంతో చెల్లించవలసిందే. ఇది సౌకర్యం లెక్క కాదు, ఆరోగ్యం లెక్క. ఒక్క మనిషి ఎంతసేపట్లో వెయ్యగలడో కొనేముందే చూడాలి. కొన్నాక ఇంటి వెనక రెండుసార్లు వేసి విప్పి అలవాటు చేసుకోవాలి.

మూడవది జాలీ. మంచాల దోమతెరలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత చదరపు అంగుళానికి 156 కళ్ళు. దోమకు అది చాలు. కాని ఇక్కడి సరస్సుల ఒడ్డున కంటికి ఆనని నుసుములు ఉంటాయి. ఇక్కడివాళ్ళు వాటిని "నో-సీ-అమ్" అంటారు, అంటే కానరానివి. అవి మామూలు జాలీలోంచి దూరిపోతాయి. వాటికి ఇంకా సన్నని అల్లిక కావాలి. అల్లిక సన్నబడేకొద్దీ గాలి తగ్గుతుందన్నది కూడా మరువరాదు. రంగు నల్లదైతే లోపలినుంచి బయటి దృశ్యం బాగా కనిపిస్తుంది. తెల్లజాలీ వెలుతురును తిప్పికొట్టి కళ్ళకు మసక కమ్మిస్తుంది.

నాలుగవది గాలివాన. నిటారు గోడల గుడారం గాలికి తెరచాపలాంటిది. దానితోపాటు వచ్చే సన్న మేకులు కంకరలో దిగవు, దిగినా వంగుతాయి. మంచి ఉక్కు మేకులు వేరే కొనుక్కోవాలి. మోకులు నేలకు ఏటవాలుగా లాగి కట్టాలి. షికారుకు వెళ్ళేటప్పుడు ఆకాశం నల్లబడి ఉంటే పందిరి దించి వెళ్ళడమే వివేకం. కొన్ని పందిళ్ళకు గోడల మీద తగిలించే గుడ్డ పలకలు వస్తాయి. జల్లు కొట్టే వైపు రెండు తగిలిస్తే చాలు.

ఐదవది మోసుకుపోవడం. చిన్న ట్రైలరు ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోరాదు. ట్రైలరు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలని నియమం. బరువైన సామాను ట్రైలరు వెనక భాగంలో పడేస్తే ఆ పాలు తగ్గి, రోడ్డు మీద ట్రైలరు తోక ఆడించడం మొదలెడుతుంది. మొత్తం కారునే అటూ ఇటూ ఊపేస్తుంది. తులాదండ సూత్రమే, ఇంటర్మీడియెట్‌లో చదివిందే. పందిరి సంచీ ఇరుసు మీదికో, కాస్త ముందుకో వచ్చేట్టు నేల మీద పరుండబెట్టాలి. అందుకని కొనేముందు సంచీ పొడవు, ట్రైలరు నడవ పొడవు రెండూ టేపుతో కొలుచుకోవాలి.

వీటన్నిటి తర్వాతే సైజు, ధర.

రెండో పందిరి

ఈ లెక్కల ప్రకారం గొడుగు పద్ధతిలో ఆరు గోడలది ఒకటి కొన్నాను. ధర మొదటిదానికి రెట్టింపు. మా ఆవిడ ఏమీ అనలేదు, అమ్మ కాళ్ళు చూసింది గనుక. ఇంటి వెనక మూడుసార్లు వేసి విప్పాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ "ఏందిరా అది, కోళ్ళ గూడా?" అంది. జూలై చివర మళ్ళీ ఇటాస్కాకే పోదామంటే ససేమిరా అంది. "అత్తయ్యా, ఈ ఒక్కసారికి రండి. నచ్చకపోతే ఆ రాత్రికే వచ్చేద్దాం" అని మా ఆవిడ బతిమాలితే ఒప్పుకుంది.

ఈసారి మధ్యాహ్నమే చేరాం. అమ్మ కారు దిగకముందే పందిరి వేసి, ఇద్దరం రెండు పక్కలా పట్టుకుని బల్ల మీదుగా దించాం. అంచుల మీద రాళ్ళు పెట్టాం. లోపల పసుపు రంగు దీపం ఒకటి వేలాడదీశాం. తెల్ల దీపానికి పురుగులు చేరినంతగా పసుపు దీపానికి చేరవు. దోమల సంగతి వేరే. అవి ప్రధానంగా మన ఊపిరినీ, ఒంటి వేడినీ, వాసననూ పట్టుకుని వస్తాయి. అందుకే తలుపు జిప్పు దగ్గర క్రమశిక్షణ కావాలి. తెరవడం, దూరడం, మూయడం ఒక్క ఊపులో జరగాలి. అమ్మకు ఆ జిప్పు వేళ్ళకు దొరకడం లేదని మా ఆవిడ దానికి ఎర్ర గుడ్డ పేలిక ముడేసింది. ఏ దుకాణంలోనూ దొరకని సదుపాయం అది.

ఆ సాయంత్రం జాలీ మీద బయట దోమలు ఆవాలు చల్లినట్టు వాలాయి. లోపల ఒక్కటి లేదు. అమ్మ కాళ్ళు బారజాపుకుని కూచుంది. పక్క స్థలంలోని ముసలమ్మ కుక్కను తిప్పుతూ వచ్చి చేయి ఊపింది. అమ్మ కూడా ఊపి, "కూసోమను బిడ్డా" అని కోడలికి చెప్పింది. ఆమె వచ్చి కూచుంది. ఒకరిది తెలుగు, ఒకరిది ఇంగ్లీషు. చీకటి పడేదాకా ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గాని నవ్వుకున్నారు. ఆ పందిరికి అమ్మ "జాలి అర్ర" అని పేరు పెట్టింది.

ఒక హెచ్చరిక

మరునాడు వాన పట్టింది. నేను తెలివితక్కువగా గ్యాసు పొయ్యి పందిట్లోకి తెచ్చి టీ పెట్టబోయాను. గాలికి మంట ఒక్కసారి పక్కకు వంగింది. రూపాయి బిళ్ళంత మేర జాలీ క్షణంలో కరిగిపోయింది. మా ఆవిడ చప్పున పొయ్యి ఆర్పింది గనుక సరిపోయింది. ఇక్కడ గుడారపు బట్టకు సీపీఏఐ-84 అనే ప్రమాణం ఉంది. దాని అర్థం మంట త్వరగా పాకదనే గాని, బట్ట కాలదని కాదు. అంతకంటే పెద్ద ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్. రంగు, వాసన లేని విషవాయువు. వానకో చలికో గుడ్డ పలకలన్నీ మూసి లోపల బొగ్గుల కుంపటి పెడితే ప్రాణానికే ముప్పు. పొయ్యి, కుంపటి, చలిమంట ఎప్పుడూ పందిరి బయటే, దూరంగా. అలాగే రాత్రి తిండి సామాను పందిట్లో వదలరాదు. జాలీ దోమను ఆపుతుంది గాని ఎలుగుబంటిని ఆపదు.

ముగింపు

కొనబోయేవాళ్ళు తమను తాము అడగవలసిన ప్రశ్నలు ఇవి: నా స్థలంలో పడుతుందా? బల్ల మీదుగా దిగుతుందా? ఒక్కణ్ణే వెయ్యగలనా, ఎంతసేపట్లో? జాలీ ఎంత సన్నం? కింద అంచు ఉందా? గాలికి నిలుస్తుందా? నా ట్రైలరులో పడుకుంటుందా? వీటన్నిటికీ ముందు ఇంకొకటి – ఇందులో కూచునేది ఎవరు? మనకోసమైతే కొంచెం అటూ ఇటూ ఐనా చెల్లిపోతుంది. ఇంట్లోని అతి బలహీనమైన మనిషికి సరిపోయిందే అందరికీ సరిపోతుంది.

ఈ వ్యాసం చదివే విద్యార్థుల్లో కొందరు రేపు ఈ దేశం రావచ్చు, తల్లిదండ్రులను రప్పించుకోవచ్చు. వాళ్ళకు పెద్ద ఇల్లు చూపిస్తే చాలదు, కూచోడానికి ఒక అరుగు కూడా ఉండాలి. అమ్మ ఆ ఏడాది ఆరు నెలలూ ఉండే వెళ్ళింది. 2019లో మళ్ళీ వచ్చింది. విమానాశ్రయంలో నన్ను చూడగానే ఆమె అడిగిన మొదటి మాట: "కొడుకా, జాలి అర్ర ఉన్నదా, అమ్ముకున్నవా?"

ఉంది. కరిగిన చోట మా ఆవిడ వేసిన మాసికతో సహా ఇప్పటికీ ఉంది.